చూచెడి చేయి, పలుకని నోరు
(డాక్టర్ కాకర్ల సుబ్బారావుగారి స్మృత్యర్థము చిలకలూరిపేటలో చేసిన ఉపన్యాసము)



మహనీయుల పేర జరుగు ఉపన్యాసములలో వారి జీవితము నాద్యంతము వర్ణించుట ఆచారమై యున్నది. నేనా పనిని క్లుప్తముగా ముగింతును. ఏలయన సుబ్బారావుగారు తమ్ము గూర్చిన స్తోత్రముకంటె తమ శాస్త్రమును గూర్చిన చర్చనే ఎక్కువ ప్రీతితో వినియుందురని నా నమ్మకము. కృష్ణా జిల్లా పెదముత్తేవి గ్రామమున 1925లో జన్మించి, బందరు హిందూ కళాశాలలోను విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలోను చదివి, 1951లో అమెరికాకు వెడలి, అచ్చట రేడియాలజీలో ఉన్నతార్హత సంపాదించి, స్వదేశమునకు మరలివచ్చి ఉస్మానియా వైద్య కళాశాలలో పాఠములు చెప్పి, తిరిగి అమెరికాలో ఆచార్యపదవి నిర్వహించి, కట్టకడపట నందమూరి తారక రామారావుగారి ఆహ్వానమును మన్నించి హైదరాబాదున నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు తొలి సంచాలకులై, ఆ సంస్థకొక క్రమమును కీర్తిని కూర్చిన ఆ పెద్దమనిషి, 2000లో పద్మశ్రీ పురస్కారము నొంది, 2021 ఏప్రిలు నెలలో దివంగతులైరి. ఎముకల ఎక్స్‌రే చిత్రములను చదువుటలో ఆయన ప్రజ్ఞ దేశదేశముల వైద్యు లెరిగినది.

ఆయన పేర నేర్పడిన సభలో ఎక్స్‌రేను విడిచి అల్ట్రాసౌండును గూర్చి మాటలాడుటకు కారణము కలదు. ఎక్స్‌రేకు ఎముక రాజ్యము. ధ్వనికి ఎముక అడ్డుగోడ. ఆయన ఏలిన సీమ ఎచ్చట ముగియునో మన విషయ మచ్చట మొదలగుచున్నది. అంతకంటె ముఖ్యమైన భేద మింకొకటి యున్నది. ఎక్స్‌రే చిత్ర మొకమారు తీసిన పిమ్మట అది సంపూర్ణవస్తువు. నరసరావుపేటలో తీసిన చిత్రమును హైదరాబాదునకు పంపినను, న్యూయార్కునకు పంపినను, అందున్న పగులు అందే యుండును. తీసినవాడు చూడకపోయినను చదువగలవాడు దానిని పట్టుకొనును. అల్ట్రాసౌండు సంగతి యట్టిది కాదు. అచ్చట చిత్రమును యంత్రము తీయదు, చేయి వెదకి తెచ్చును. ప్రోబు పట్టిన చేయి ఏ మూలకు పోలేదో ఆ మూల చిత్రములో లేనే లేదు. ఆ లేనిదానిని తరువాత ఎంతటి పండితుడును చదువజాలడు. నేను నేడు చెప్పబోవున దంతయు ఈ యొక్క విషయమునకు వ్యాఖ్యానమే.

సంతలో కుండను కొనునప్పుడు మన ఇల్లాలు దానిని వ్రేలితో మొట్టి, చెవి యొగ్గి, పగులు లేదని నిశ్చయించుకొనిగాని కొంగుముడి విప్పదు. లోపలిది కనబడనప్పుడు శబ్దము నడుగవలయునను వివేకము అంత ప్రాచీనమైనది. వియన్నాలో ఆవెన్‌బ్రుగ్గర్ అను వైద్యుడు రోగి రొమ్మును వ్రేళ్లతో తట్టి లోని నీటిని కనిపెట్టు పద్ధతిని 1761లో ప్రకటించెను. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టుననియు, ఆ వెంటనే విద్యుత్తు నిచ్చినచో అవి స్పందించుననియు కనుగొనిరి. మొదటి ప్రపంచయుద్ధమున పాల్ లాంజివిన్ ఆ స్పందనముతోనే సముద్రగర్భమున దాగిన జలాంతర్గాములను వెదకుటకు పూనుకొనెను. యుద్ధమునకు పుట్టిన ఈ విద్య తల్లుల గర్భమునకు క్షేమకరముగా మారుట గ్లాస్గో నగరమున జరిగినది. అచ్చటి ప్రసూతిశాస్త్రాచార్యుడైన ఇయన్ డోనల్డ్, 1955లో, లోహములలోని పగుళ్లను కనిపెట్టు యంత్రమొకటి బాయిలర్లు చేయు కర్మాగారమున నున్నదని విని, శస్త్రచికిత్సలో తీసిన కణితులను కారులో వేసికొని అచ్చటికి పోయెను. నీటితిత్తికిని గట్టి కణితికిని ప్రతిధ్వనులు వేరుగా వచ్చుట గ్రహించెను. జాన్ మెక్‌వికర్ అను సహవైద్యునితోను, టామ్ బ్రౌన్ అను ఇంజనీరుతోను కలిసి ఆయన రచించిన వ్యాసము 1958లో లాన్సెట్ పత్రికలో వెలువడినది.

ఆ తొలి దినముల ముచ్చట యొకటి చెప్పక ముందుకు పోజాలను. కడుపుబ్బి, జీర్ణకోశపు కాన్సరు ముదిరినదని నిర్ణయింపబడిన స్త్రీ యొకతెను డోనల్డు బృందము పరీక్షించినది. మరణము తప్పదని అందరును ఆశ వదలుకొన్న ఆమె కడుపున యంత్రము చూపినది కాన్సరు కాదు, అండాశయమున పెరిగిన పెద్ద నీటితిత్తి. దానిని తీసివేసిరి, ఆమె బ్రతికెను. యంత్ర మచ్చట కొత్తది, మోటుది. చిత్రము నేటి పిల్లల కంటికి గీతల చిందరవందర. అయినను ఆమెను బ్రతికించినది, ఇతరులు చెప్పిన నిర్ణయమును తలలో పెట్టుకొనక ఉన్నదానిని ఉన్నట్లు చూడవలెనన్న పట్టుదల.

ఇక పనిలోనికి వత్తము. మనిషి చెవి సెకనుకు ఇరువదివేల స్పందనములవరకు వినగలదు. కడుపును చూచు ప్రోబు సెకనుకు ఇరువది లక్షలు మొదలు ఏబది లక్షలవరకు, కంఠమందలి థైరాయిడును, రొమ్మును చూచు ప్రోబు డెబ్బది లక్షలు మొదలు కోటిన్నరవరకు స్పందనములను పంపును. స్పందనములు పెరిగినకొలది చిత్రము సూక్ష్మమగును, కాని లోతు తగ్గును. బక్కపలుచని పిల్లకును స్థూలకాయునికిని ఒకే ప్రోబు, ఒకే అమరిక వాడువాడు ఈ మొదటి పాఠమే చదువలేదన్నమాట. మెత్తని కండలో ధ్వని సెకనుకు 1,540 మీటర్లు పోవునని యంత్రము నమ్మును. సెంటీమీటరు లోతుకు పోయి మరలుటకు సెకనులో పదిలక్షల వంతులు పదమూడు పట్టును. ఆ లెక్కతోనే అది ఏ ప్రతిధ్వని ఎంత లోతునుండి వచ్చెనో నిర్ణయించి తెరపై చుక్క పెట్టును. చర్మమునకును ప్రోబునకును నడుమ గాలి చొచ్చినచో ధ్వని లోనికే పోదు. అందుచేతనే ఆ చల్లని జెల్లీ. చలికాలపు ఉదయమున దానిని వెచ్చజేసి రాయుట శాస్త్రము కాదుగాని, శాస్త్రజ్ఞుని సంస్కారము నచ్చటనే రోగి కనిపెట్టును.

యంత్రపు నమ్మకములు ఎల్లప్పుడు నిజములు కావు. పిత్తాశయములోని రాయి తన వెనుక నల్లని నీడను విడుచును. నీటితిత్తి తన వెనుక వెలుగును విడుచును. గాలి అలలలలుగా అబద్ధపు గీతలను పుట్టించును. ఉదరవితానపు అంచున కాలేయమే అద్దములోవలె రెండవమారు కనబడును. వీనిలో ఏది రోగము, ఏది భ్రమ, ఏ భ్రమ రోగమునకు సాక్ష్యము అని విడదీయుట కంటికి మాత్రమే చెందిన పని కాదు. పిత్తాశయమున తెల్లని మచ్చ కనబడినది. రాయియో, కండపొక్కో తెలియదు. నేర్పరి రోగిని ఎడమప్రక్కకు ఒత్తిగిలుమని చెప్పి వేచి చూచును. దొర్లినచో రాయి, గోడకంటి నిలిచినచో కండ. ప్రేవులలో గాలి అడ్డు వచ్చినచో ప్రోబుతో మెల్లగా నొక్కి దానిని ప్రక్కకు త్రోయును. అప్పటికిని కనబడనిచో ఊపిరి బిగబట్టుమనును. అప్పటికిని కానిచో మరొక ప్రక్కటెముకల సందున ప్రవేశించును. కనబడలేదని వ్రాయుటకు ముందు కనబడుటకు చేయదగిన ప్రయత్నము లెన్ని కలవో ఎరిగినవానికే ఆ మాట వ్రాయు హక్కు. మన పల్నాటి ఎండలో మిరపకోతకు పోయి, దినమంతయు గుక్కెడు నీటితో గడిపి, నడుమునొప్పితో వచ్చు స్త్రీలలో మూత్రపిండపు రాళ్లు కనబడుట అరుదు కాదు. రాయిని చూచి చాలించువాడు సగము పని చేసినవాడు. దాని వెనుక మూత్రపిండ ముబ్బినదా, ఎంత యుబ్బినది, రెండవది క్షేమమా, మూత్రము సంచిలోనికి దిగుచున్నదా అని వెదకుట మిగిలిన సగము.

గర్భిణీస్త్రీ పరీక్షలో ఈ నేర్పునకు కాలమును, కదలికయు తోడగును. పిండమును తలనుండి పిరుదులవరకు కొలుచుటలో గీత కొంచెము ఏటవాలైనచో కాన్పు తేదీయే మారును. అయిదవ నెలలో చేయు టిఫా స్కానింగున బిడ్డ తలను ఏ అడ్డుకోతలో కొలువవలెనో, ఉదరమును కొలుచునప్పుడు జీర్ణాశయమును లోని రక్తనాళమును ఒకే చిత్రమున కనబడుచు ఆకృతి గుండ్రముగా నెట్లుండవలెనో నియమములు కలవు. కాని బిడ్డకు నియమములు తెలియవు. అది బోర్లించుకొనును, చేతులతో మొగము కప్పుకొనును, గుండెను చూడనీయక వీపు చూపును. అట్టియెడ తల్లిని నాలుగడుగులు నడిచి రమ్మని పంపి, మరల పిలిచి చూచుటకు ఓపిక కావలయును. వెలుపల బల్లలపై నిరువదిమంది వేచియుండగా ఈ ఓపిక ఎచ్చటనుండి వచ్చునని నన్ను కుర్రవైద్యులు అడుగుచుందురు. రాదు, దానిని ముందుగానే ఏర్పరచుకొనవలెను. ఆ ఇరువదిమందికి ఒకే పూట పేర్లు వ్రాయువారిని నివారించుటయు ఈ వృత్తిధర్మములోనిదే. రెండు నిముషములలో గుండె నాలుగు గదులను చూచితినని వ్రాయు రిపోర్టుకంటె, బిడ్డ పడుకొన్న తీరువలన గుండె సరిగా కనబడలేదు, రెండు వారములకు మరల రండని వ్రాసిన రిపోర్టు వేయిరెట్లు నిజాయితీ గలది.

నిజాయితీని గూర్చి మరియొక సంగతి. తొలి నెలలలో గుండెచప్పుడు కనబడనప్పుడు తొందరపాటు ఎంతటి ఘాతుకమగునో చెప్పనలవి కాదు. పిండము ఏడు మిల్లీమీటర్లకు చేరకుండ గుండె కొట్టుకొనుట లేదని గర్భము పోయినట్లు తీర్పు చెప్పరాదని నేటి శాస్త్రనియమము. వారమో, అంతకెక్కువయో ఆగి మరల చూడవలయును. తేదీలు తప్పు చెప్పు తల్లు లెందరో. వారికి బిడ్డ బ్రతికియుండగానే పోయెనని చెప్పిన పాపము ఏ పరిహారమునకు లొంగును? ఆ సమయమున తల్లి తెరవైపు చూడదు, మన మొగమువైపు చూచును. కనుబొమ ముడివడినను ఆమెకు వార్త చేరినట్లే. కావున మొగమును కూడ పరీక్షాసాధనముగా భావించి అదుపులో నుంచుకొనుట అభ్యసింపవలసిన విద్య.

పరీక్షకు ముందు చేయవలసినవి చిన్నవిగా కనబడును గాని చిన్నవి కావు. పేరడిగి, వయసడిగి, ఊరడిగి, చీటీలోని మనిషియే బల్లమీది మనిషియా అని నిశ్చయించుకొనుట; ఎందులకు పంపిరో చదువుట; చదువుటతో విడువక ఎచ్చట నొప్పియో ఆమెనే అడుగుట; పిత్తాశయము కొరకు పరగడుపున రమ్మని, గర్భాశయము కొరకు నీరు త్రాగి రమ్మని ముందునాడే చెప్పుట; తెర వేయుట; పరీక్షకు కావలసినంతమేర మాత్రమే వస్త్రము తొలగించుట; పురుషుడు పరీక్షించునప్పుడు మరొక స్త్రీ గదిలో నుండునట్లు చూచుట; ఒకరికి వాడిన ప్రోబును శుభ్రము చేయక మరొకరిని తాకకుండుట. నాదెండ్లనుండి ఆటోలో వచ్చి, మిల్లు షిఫ్టు పోగొట్టుకొని, మూడుగంటలు మూత్రము బిగబట్టి కూర్చున్న స్త్రీకి, ఇప్పుడు కాదు మధ్యాహ్నము రమ్మనుట ఎంత క్రౌర్యమో ఆ మాట పలుకు నోటికి తెలియకపోవుట నేను పలుమారులు చూచితిని.

జాతీయరహదారి మన ఊరి చెంతనే పోవుచున్నది. లారీ గుద్దిన యువకుని తెచ్చినప్పుడు కాలేయమునకును కుడి మూత్రపిండమునకును నడుమ నల్లని సన్నగీత యొకటి కనబడినచో అది నెత్తురు. గర్భాశయము వెలుపల నాళమున పిండము నిలిచి పగిలినచో అదియు నెత్తురే. అప్పుడు రిపోర్టును టైపునకు పంపి సంతకమునకై వేచియుండువాడు తన పని మరచినవాడు. నిలుచున్నచోటనుండి శస్త్రవైద్యునికి ఫోను చేయవలయును, ఎవరితో ఏ గంటకు చెప్పితినో వ్రాసియుంచవలయును. గుంటూరు పెద్దాసుపత్రి నలువది కిలోమీటర్ల దూరమున నున్నది. చేతి వ్రాతతో చూచినది చూచినట్లు వ్రాసి, చిత్రములతో అంబులెన్సులో పెట్టి పంపినచో అచ్చటివారికి ఆ పరీక్షను మరల మొదటినుండి చేయవలసిన కాలము మిగులును.

వెదకుట సగము ధర్మమైనచో, పలుకకుండుట రెండవ సగము. ఇది మన దేశమున ఈ వృత్తిపై పడిన విశేషభారము. గర్భస్థశిశువు ఆడదో మగదో మాటచేతగాని సైగచేతగాని మరే విధముగాగాని ఎవ్వరికిని తెలుపరాదని 1994 నాటి చట్టము శాసించినది. ఆ చట్టము 1996 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. 2003లో మరింత దృఢపరుపబడినది. మొదటి నేరమునకే మూడేండ్లవరకు కారాగారము, పదివేల రూపాయలవరకు జరిమానా. యంత్రము రిజిస్టరు కావలెను; గర్భిణికి చేసిన ప్రతి పరీక్షకును ఫారము-ఎఫ్ నింపవలెను; లింగనిర్ధారణ చేయబడదన్న బోర్డు ప్రజల భాషలో గోడకుండవలెను. ఫారము నింపుటలోని లోపములను గుమాస్తా పొరపాట్లుగా భావింపుమని వైద్యుల సంఘము సర్వోన్నత న్యాయస్థానము నాశ్రయింపగా, 2019 మే నెలలో న్యాయస్థానము అందులకు అంగీకరింపలేదు. మా సోదరవైద్యులలో ఆ తీర్పు కఠినమని అనువారు కలరు. వారి బాధ నాకు తెలియును. అయినను నే నా తీర్పు పక్షముననే యుందును. ఆ కాగితము పరీక్షకు అనుబంధము కాదు, పరీక్షలో భాగము. ఎందులకు చూచితిమో వ్రాయలేని పరీక్ష ఎందులకో చేసిన పరీక్షయే.

లెక్కలను చూడుడు. ఆరేండ్లలోపు మగపిల్లలు వేయిమందికి ఆడుపిల్లలు మన ఉమ్మడి రాష్ట్రమున 1991లో 975, 2001లో 961, 2011లో 939. దేశమంతటను అవే సంవత్సరములలో 945, 927, 919. మనమింకను దేశముకంటె మేలని తృప్తిపడువారు గమనింపవలసినది, చట్టము వచ్చిన పిమ్మటి చివరి పదియేండ్లలో దేశమున తగ్గినది ఎనిమిది కాగా మనకు తగ్గినది ఇరువదిరెండు. పుట్టుకకు పూర్వమే పోయిన ఆ పిల్లలలో కొందరు ఎక్కడో ఒక చీకటిగదిలో ఒక చేయి చూచి, ఒక నోరు పలుకుటచేత పోయినవారే. మొదటి కాన్పు ఆడపిల్లయై, రెండవ స్కానింగునకు అత్తగారితో వచ్చిన కోడలు మన మొగమువైపు చూచు చూపు ప్రాణభయముతో కూడినది. ఆమెకు మనము చేయగల మేలు, బిడ్డ గుండె బాగున్నది, ఉమ్మనీరు చాలినంత యున్నది, మాయ సరియైన చోట నున్నది అని చెప్పి, తక్కినదానికి రాతిగోడవలె నిలుచుట.

ఈ చట్టముచేత మన దేశమున ఈ వృత్తి స్వరూపమే వేరైనది. అమెరికాలో 1970 ప్రాంతమునుండి సోనోగ్రాఫర్లు ప్రత్యేకవృత్తిగా సంఘటితులై, శిక్షణ పొంది, పరీక్షలు నెగ్గి, తామే ప్రోబు పట్టి చిత్రములు సేకరించి వైద్యునికి నివేదింతురు. బ్రిటనులో వారు రిపోర్టునుకూడ స్వయముగా వ్రాయుదురు. మనకడ గర్భిణిని పరీక్షించు చేయి అర్హతగల వైద్యునిదే కావలెనని చట్టము. దానిని సడలింపుమని నేననను. సడలించు దినములింకను రాలేదు. కాని 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషను చట్టపు పట్టికలో సోనోగ్రాఫరు పేరు చేరినది. గుండె ఎకో పరీక్షలో శిక్షితులైన సాంకేతికులు వైద్యుని పర్యవేక్షణలో పనిచేయుట మన పెద్దాసుపత్రులలో నున్నదే. కావున ఎదుట కూర్చున్న నర్సింగు, ల్యాబు, రేడియాలజీ విద్యార్థులు తమ్ము తాము జెల్లీ తుడుచువారినిగా భావింపరాదని కోరుచున్నాను. శరీరనిర్మాణమును అడ్డుకోతలలో నేర్చుకొనుడు. ధ్వనిశాస్త్రమును కంఠస్థము కాక బుద్ధిస్థము చేసికొనుడు. తొలినెలల పిండముపై డాప్లరును అనవసరముగా ప్రయోగింపరాదని, కావలసిన సమాచారమునకు కావలసినంత శక్తినే, కావలసినంత సేపే వాడవలెనని యంత్రపు తెరపై కనబడు రెండు సూచికలు చెప్పుచున్నవి, వానిని చదువ నేర్వుడు. అల్ట్రాసౌండు నేటివరకు నిరపాయమని రుజువగుచు వచ్చినదను ధైర్యము దుర్వినియోగమునకు లైసెన్సు కాదు.

మీ దేహములనుకూడ కాపాడుకొనుడు. చేయి చాచి, భుజమెత్తి, మెడ త్రిప్పి, మణికట్టు నొక్కిపట్టి గంటలకొలది పనిచేయు ఈ వృత్తిలో పదిమందిలో ఎనిమిదిమందికి తక్కువ కాకుండ నొప్పులతో బాధపడుచున్నట్లు పాశ్చాత్యదేశముల సర్వేలు పలుమారులు తెల్పినవి. బల్ల ఎత్తు మార్చుటకు వీలుండవలెను, రోగి దగ్గరకు జరుగవలెను, తెర కంటికెదురుగా నుండవలెను. నొచ్చుచున్న చేయి త్వరపడును, త్వరపడిన చేయి మూలలు వెదకదు. కనుక ఈ ఏర్పాట్లు సుఖము కొరకు కావు, రోగి కొరకే.

సుబ్బారావుగారు తమ జీవితపు ఉత్తరభాగమును బోధనకు వినియోగించిరి. వారి పేరు తలచిన ఈ సభ ముగియకముందు, ఈ పురప్రముఖులకు నాదొక విన్నపము. నరసరావుపేట కేంద్రముగా 2022 ఏప్రిలులో పల్నాడు జిల్లా ఏర్పడినది. కొత్త జిల్లాకు కొత్త ఆసుపత్రి భవనములను గూర్చి వేదికలపై వినుచున్నాము. భవనముతోపాటు స్కానింగు గదికి ఎత్తు మార్చదగిన బల్లను, ప్రక్కనే మరుగుదొడ్డిని, పగలంతయు ఉండు స్త్రీసహాయకురాలిని, ఒక టిఫా స్కానింగునకు అరగంట కేటాయించిన పట్టికను, విద్యార్థులు వైద్యుని ప్రక్కన నిలిచి నేర్చుకొనుటకు ఒక స్థలమును అడుగుడు. వీనికగు వ్యయము గోడలకు పూయు రంగుకంటె ఎక్కువ కాదు. వచ్చే బడ్జెటునకు ముందే అర్జీ వ్రాయుదురేని, దానిపై మొదటి సంతకము నేను చేయుదును.